క్యాన్సర్ కాదంటూనే ఆపరేషన్ ఎందుకంటున్నారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా చెల్లికి 31 ఏళ్ళు. వేరే దేనికో స్కానింగ్ తీస్తే లివర్‌లో 6 సెంటీమీటర్ల గడ్డ కనపడింది, ఎమ్మారై చేసి అడినోమా అన్నారు. క్యాన్సర్ కాదట, కానీ ఆపరేషన్ పడొచ్చట. సగం లివర్ తీసేస్తారేమోనని అందరం హడలిపోతున్నాం.

జవాబు: మీరు రాయని విషయం ఒకటుంది, ఆవిడ గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా? ఎందుకంటే ఈ గడ్డకీ ఆ మాత్రల్లో ఉండే ఈస్ట్రోజన్‌కీ సంబంధం ఉంది, వాడుతుంటే మానిపించి, బరువెక్కువుంటే తగ్గమని, ఓ 6 నెలలాగి మళ్ళీ ఎమ్మారై తీస్తారు, కొందరికి దానంతటదే చిన్నదైపోతుంది. అప్పటికీ 5 సెంటీమీటర్ల పైనే ఉంటే మాత్రం తీసేయడమే మంచిది, పెద్దవి లోపల్లోపలే పగిలి రక్తం కారొచ్చు, కొద్దిమందిలో క్యాన్సర్‌గా కూడా మారతాయి. మగవాళ్ళకొస్తే సైజుతో పనిలేకుండా తీసేయమంటాం. అదే హెమాంజియోమా (రక్తనాళాల గడ్డ), ఎఫ్‌ఎన్‌హెచ్ (ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా) లాంటి క్యాన్సర్ కాని వేరే రకం గడ్డలైతే ఇబ్బంది పెట్టనంతవరకూ సాధారణంగా వాటి జోలికే వెళ్ళం, అనవసరంగా కోసేవాళ్ళు లేకపోలేదు లెండి.

ఇక సగం లివర్ భయం. గడ్డ అంచున ఉంటే దాన్నీ చుట్టూ కాస్త భాగాన్నీ తీస్తే చాలు, చాలాసార్లు లాప్రోస్కోపీలోనే, అంటే చిన్న రంధ్రాలతోనే అయిపోతుంది. లోతుగా ఉంటే ఎక్కువ తీయాల్సిరావచ్చు, అయినా ఆరోగ్యంగా ఉన్న లివర్ మూడో వంతు మిగిలినా పని నడిపిస్తుంది, కొన్ని వారాల్లో మళ్ళీ పెరుగుతుంది కూడా.

ఈలోగా కడుపు కుడివైపు పైన ఒక్కసారిగా విపరీతమైన నొప్పొచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా ఆలోచించకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. రక్తం కారుతుంటే ముందు ఎంబొలైజేషన్‌తో ఆ రక్తనాళం మూసేసి, ఆపరేషన్ సంగతి తర్వాత చూస్తారు. పిల్లల ప్లాన్ ఉంటే ఆ మాట సర్జన్‌కి ఇప్పుడే చెప్పండి.