నెట్ సెంటర్‌కు ఏ బ్రౌజర్?

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

క్రోమా, ఎడ్జా, ఫైర్‌ఫాక్సా అని అడిగావు. ఒక్కదాన్నే నమ్ముకోకు తల్లీ, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ఉంచుకో. 2020 నుంచి ఎడ్జ్ కూడా క్రోమ్ లాగే క్రోమియం అనే సాఫ్ట్‌వేర్ పునాది మీదే నడుస్తోంది. కాబట్టి క్రోమ్‌లో మొరాయించిన పేజీ ఎడ్జ్‌లోనూ చాలాసార్లు అలాగే మొరాయిస్తుంది. అప్పుడు ఆదుకునేది వేరే ఇంజిన్ (పేజీని తెరపై చూపించే భాగం) ఉన్న ఫైర్‌ఫాక్సే. పైగా ఎడ్జ్ విండోస్‌తోనే వస్తుంది.

పాతకాలపు ఆఫీసు సైట్లు కొన్ని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కావాలంటాయి. ఎడ్జ్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ బ్రౌజర్ దగ్గర ఐఈ మోడ్ (సైటును ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో లాగే తెరిచే పద్ధతి) అనుమతించి, ఆ సైటు చిరునామా చేర్చు. 30 రోజులకు దాని గడువు తీరిపోతుంది. నిన్నటిదాకా తెరుచుకున్న సైటు ఒక్కసారిగా ఆగిపోతే ముందు అక్కడ చూడు.

హాల్ టికెట్ ప్రింటులో రంగులు, గడులు మాయమైతే తప్పు ప్రింటర్‌ది కాకపోవచ్చు. కంట్రోల్ పి నొక్కి, మోర్ సెట్టింగ్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్‌కు టిక్ పెట్టు. హెడర్స్ అండ్ ఫుటర్స్ టిక్ తీసెయ్, లేకపోతే కాగితం అంచున సైటు చిరునామా, తేదీ పడతాయి. ఫైర్‌ఫాక్స్‌లో ఇదే పని ప్రింట్ బ్యాక్‌గ్రౌండ్స్ చేస్తుంది. కార్డు సైజు పీడీఎఫ్ అయితే యాక్చువల్ సైజ్ ఎంచుకో. ఫిట్ అని ఉంటే కార్డు కొలత మారి లామినేషన్ పౌచ్‌లో సరిగ్గా కూర్చోదు.

చూపు ఆనని పెద్దవాళ్లకు ఎడ్జ్‌లో కంట్రోల్ షిఫ్ట్ యు నొక్కి పేజీ చదివి వినిపించు. తెలుగు గొంతులు బాగున్నాయి, కాకపోతే నెట్ ఉండాలి.

ఇక అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ఇతరుల వివరాల విషయంలో. ఏ కస్టమర్ పనైనా ఇన్‌ప్రైవేట్ విండోలోనే (మూసేశాక లాగిన్, చూసిన పేజీల చిట్టా మిగలని విండో) చెయ్యి. అయితే అలాంటి విండోలు రెండు తెరిస్తే రెండింటికీ లాగిన్ ఒకటే. ఒకరి ఖాతాలోకి మరొకరి ఫారం వెళ్లేది ఇలాగే! మనిషి మారినప్పుడల్లా అవన్నీ మూసెయ్. మూసినా డౌన్‌లోడ్ అయిన ఫైళ్లు మాత్రం ఫోల్డర్‌లోనే ఉండిపోతాయి. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా అనుకోకు, అది పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే. ప్రింటు తీయగానే డౌన్‌లోడ్స్‌లో, రీసైకిల్ బిన్‌లో రెండుచోట్లా తుడిచెయ్. రెండు బ్రౌజర్లలోనూ పాస్‌వర్డ్ సేవ్ చెయ్యాలా అని అడిగే సెట్టింగ్ మొదటిరోజే ఆపెయ్.

నీ మామయ్య