అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతాలు చదవబోతున్న మేనకోడలికి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి శైలజకు మావయ్య ఆశీస్సులు.

ఎం.ఏ.లో అంతర్జాతీయ సంబంధాలను ప్రత్యేక విషయంగా తీసుకున్నావని, సిద్ధాంతాల పేపరు చూసి కొంత బెదిరావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఈ ఊళ్లో చాలాకాలం రాజనీతి శాస్త్రం బోధించినవాణ్ణి గనుక, చురుకైన పిల్లలు కూడా ఈ పేపరులో ఎక్కడ తడబడతారో నాకు తెలుసు. వాస్తవికవాదం (రాజ్యాలను నడిపేది బలం, స్వప్రయోజనమే అనే వాదం) లక్షణాలు ఆరు, ఉదారవాదం (సంస్థలు, ఒప్పందాలు, వ్యాపారంతో సహకారం సాధ్యమనే వాదం) లక్షణాలు అయిదు అని నోట్సు రాసుకుని బట్టీపడతారు. పరీక్ష గట్టెక్కుతుంది, విషయం మాత్రం వంటబట్టదు. ప్రతి సిద్ధాంతమూ ఒక కాలంలో ఎవరినో నిద్రపోనివ్వని ప్రశ్నకు జవాబుగా పుట్టింది. ముందు ఆ ప్రశ్నను పట్టుకో.

మొదటి ప్రపంచ యుద్ధం మిగిల్చిన శ్మశానాల మధ్య, అలాంటి యుద్ధం మళ్లీ రాకుండా ఏం చేయాలన్న ప్రశ్నతోనే 1919లో వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో ఈ శాస్త్రానికి తొలి ఆచార్య పీఠం ఏర్పడింది. ఇరవై ఏళ్లు తిరక్కుండానే జపాన్ మంచూరియాను, ఇటలీ అబిసీనియాను (నేటి ఇథియోపియాను) ఆక్రమిస్తే నానాజాతి సమితి ఆపలేకపోవడం చూసి, సదుద్దేశాలు ఎందుకు విఫలమయ్యాయని ఇ.హెచ్. కార్ 1939లో తన పుస్తకంలో అడిగాడు. నాయకులు మారినా, భావజాలాలు మారినా రాజ్యాల మధ్య అదే పోటీ ఎందుకు మళ్లీ మళ్లీ కనిపిస్తుందన్నది 1979లో కెనెత్ వాల్ట్జ్ ప్రశ్న. అమెరికా ఆధిపత్యం సడలుతున్నా దేశాల మధ్య సహకారం ఎందుకు కొనసాగుతోందన్నది 1984లో రాబర్ట్ కోహేన్ ప్రశ్న. ఇవి వేర్వేరు ప్రశ్నలని గ్రహించిన రోజున, వీరిలో ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అన్న తొందర నీలో తగ్గుతుంది.

వాల్ట్జ్ చెప్పే అరాజక స్థితి, అంటే రాజ్యాలపైన మరో అధికారం లేని స్థితి, చాలామంది విద్యార్థులకు గాలిలో మాటగా ఉండిపోతుంది. కృష్ణమ్మ ఒడ్డున పెరిగిన నీకు అలా కాకూడదు. మన నది మీద మూడు రాష్ట్రాలు తగవుపడినప్పుడు 1969లో కేంద్రం ట్రైబ్యునల్‌ను నియమించింది. 1973లో బచావత్ ట్రైబ్యునల్ 2,060 టీఎంసీలను మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800గా పంచింది. ఆ తీర్పు నచ్చనివారు ఉన్నారు, తగవులు ఇంకా నడుస్తున్నాయి. అయినా తలుపు తట్టడానికి ఒక ట్రైబ్యునల్, ఒక సుప్రీంకోర్టు ఉన్నాయి, రాష్ట్రాలు ఒకదాని మీదికి మరొకటి సైన్యాన్ని నడపవు. సింధు నది విషయంలో అలాంటి పైఅధికారం లేదు. భారత్, పాకిస్తాన్‌లు ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వంతో 1960లో ఒప్పందం చేసుకుని, రావి, బియాస్, సట్లెజ్ జలాలు మనకు, సింధు, జీలం, చీనాబ్ జలాలు ప్రధానంగా వారికి అని పంచుకున్నాయి. 1965, 1971, 1999 పోరాటాలను ఆ ఒప్పందం తట్టుకుంది. పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్‌లో భారత్ దాన్ని నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది.

ఈ ఒక్క ఉదాహరణను ఏడాది పొడవునా దగ్గర పెట్టుకో. ఆ ఒప్పందం కింద ఏర్పడిన శాశ్వత సింధు కమిషన్ ద్వారా నీటి లెక్కలు ఇచ్చిపుచ్చుకోవడం, ఇంజనీర్లు తరచూ కలుసుకోవడం అపనమ్మకాన్ని అదుపులో ఉంచాయని కోహేన్ లాంటి ఉదారవాద సంస్థావాది అంటాడు. ఒప్పందం అన్నేళ్లు ఎందుకు నిలిచిందో అతని దగ్గర మంచి జవాబుంది. ఎగువన ఉన్న బలమైన దేశం సరేనన్నంతకాలమే అది నిలిచిందని, కాదన్న రోజున ఆపగలవారు లేకపోయారని వాల్ట్జ్ లాంటి వాస్తవికవాది అంటాడు. నిలిపివేత ఎలా సాధ్యమైందన్నదానికి జవాబు అతని దగ్గర ఉంది. అయితే భౌగోళిక స్థితి మారలేదు, బలాబలాల తేడా అంతకుముందు నుంచీ ఉన్నదే, మరి అప్పుడే ఎందుకు జరిగింది? ఇక్కడ అలెగ్జాండర్ వెండ్ట్ అవసరమవుతాడు. అరాజకతకు సొంత స్వభావం లేదని, రాజ్యాలు ఒకదాన్నొకటి ఎలా అర్థం చేసుకుంటాయో దాన్నిబట్టే అది శత్రుత్వంగానో స్నేహంగానో రూపుదాలుస్తుందని 1992లో ఆయన వాదించాడు. ఆ పొరుగుదేశాన్నీ, ఆ ఒప్పందాన్నీ మనం చూసే చూపు కాలక్రమంలో ఎలా మారిందో వెతికితే ఈ మూడో ప్రశ్నకు దారి దొరుకుతుంది. ఆ నీటి మీద బతికే రైతు ఈ చర్చలో ఎక్కడున్నాడని కూడా అడుగు. ప్రతి సిద్ధాంతమూ ఎవరో ఒకరి కోసం, ఏదో ఒక ప్రయోజనం కోసం ఉంటుందని 1981లో రాబర్ట్ కాక్స్ చెప్పిన మాట అప్పుడు నీకు దగ్గరవుతుంది.

పాఠ్యపుస్తకాలు ఈ శాస్త్ర చరిత్రను మహా చర్చల, అంటే సిద్ధాంతాల మధ్య జరిగిన పెద్ద వాదోపవాదాల, వరుసగా చెబుతాయి. పరీక్ష కోసం ఆ వరుస నేర్చుకో, కానీ పూర్తిగా నమ్మకు. చట్టాలతో, సంస్థలతో యుద్ధాన్ని ఆపవచ్చని నమ్మి ఆదర్శవాదులని పిలవబడిన వారు చాలావరకు తమను తాము అలా పిలుచుకోలేదు. ఆ ముద్ర ప్రత్యర్థులు వేసింది. అందుకే మూలగ్రంథాలు చదవమని గట్టిగా చెబుతున్నాను. కార్‌ను కరుడుగట్టిన వాస్తవికవాదిగా రాసేవారు, ఉత్త వాస్తవికవాదంతో ఏ కార్యాచరణకూ లక్ష్యం దొరకదని ఆయనే రాసిన అధ్యాయాన్ని తెరిచి ఉండరు. మోర్గెంతావ్ వాస్తవికవాదానికి చెప్పిన ఆరు సూత్రాలను చదివిన వెంటనే, వాటిలో పురుష దృష్టి ఎలా నిండి ఉందో చూపిస్తూ స్త్రీవాద పండితురాలు ఆన్ టిక్నర్ 1988లో రాసిన వ్యాసం చదువు. ఈ రెండిటినీ ఒకే వారంలో చదివితే వచ్చే మేలుకొలుపు విడివిడిగా చదివితే రాదు. రాజకీయాలను కూడా ప్రకృతి శాస్త్రాల్లా కొలతలతో చదవాలన్న ప్రవర్తనావాదుల పద్ధతి చర్చ మీద మాత్రం ఎక్కువకాలం వెచ్చించకు. ఆ పద్ధతిని విమర్శిస్తూ హెడ్లీ బుల్ 1966లో రాసిన వ్యాసం ఒక్కటి చదివితే ప్రస్తుతానికి చాలు.

కౌటిల్యుణ్ణి గురించి ఒక మాట. పొరుగువాడు శత్రువు, శత్రువుకు అవతలివాడు మిత్రుడు అన్న రెండు ముక్కలతో జవాబు ముగించేవారే ఎక్కువ. ఆయన చెప్పిన మండలంలో, అంటే రాజ్యాల వలయంలో, మధ్యముడు (ఇరుపక్షాలకూ పొరుగువాడు), ఉదాసీనుడు (దూరాన తటస్థంగా ఉన్న బలవంతుడు) అనే రాజులు కూడా ఉన్నారు. సంధి (ఒప్పందం), విగ్రహం (యుద్ధం), ఆసనం (కదలకుండా వేచి ఉండటం), యానం (దండెత్తడం), సంశ్రయం (బలవంతుణ్ణి ఆశ్రయించడం), ద్వైధీభావం (ఒకరితో సంధి, మరొకరితో యుద్ధం) అనే ఆరు గుణాల్లో ఏది ఎప్పుడు తగునో అర్థశాస్త్రం ఎంతో ఓపికగా చర్చిస్తుంది. అలాగని అన్నీ మనవాళ్లే ముందు చెప్పారని కూడా రాయకు. అది ఆయనకు గౌరవం కాదు, మనకు చదువూ కాదు.

మొదటి అభ్యాసంగా మన మిర్చి యార్డునే తీసుకో. తేజ రకం మిర్చికి చైనా పెద్ద కొనుగోలుదారు. 2020 జూన్‌లో గల్వాన్‌లో మన సైనికులు 20 మంది ప్రాణాలర్పించారు, అయినా మరుసటి ఏడాది రెండు దేశాల మధ్య మొత్తం వ్యాపారం తగ్గకపోగా పెరిగింది. కోహేన్, జోసెఫ్ నై 1977లో చెప్పిన పరస్పరాధారం దీన్ని ఎంతవరకు వివరిస్తుందో, ఆ కొనుగోలు ఆగిపోతే ఇద్దరిలో ఎవరికి ఎక్కువ దెబ్బో, ఆ తేడాయే ఒకరి చేతిలో బలం అవుతుందో లేదో, యార్డులో కమీషన్ వ్యాపారులతో ఒకసారి మాట్లాడి నాలుగు పేజీలు రాయి. దసరాకు వచ్చేటప్పుడు తీసుకురా, ఇద్దరం కూర్చుని దిద్దుదాం. కార్ పుస్తకం నా దగ్గరున్న ప్రతిని ఈ ఆదివారమే మీ నాన్నగారి చేతికిచ్చి పంపిస్తున్నాను.

ఇట్లు,
మీ మావయ్య