సాఫ్రన్ వాల్డెన్‌లో కుంకుమపువ్వు దొరుకుతుందా? ఒక్కరోజు సరిపోతుందా?

లండన్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చేలా చిన్న సంత ఊరేదైనా చెప్పమన్నారు, సాఫ్రన్ వాల్డెన్ ఎలా ఉంటుందని కూడా అడిగారు. నేను కేంబ్రిడ్జ్‌లో రెండేళ్లున్నాను, అక్కడికి పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో, నాలుగైదుసార్లు వెళ్లాను. తప్పకుండా వెళ్లండి, కానీ మంగళవారమో శనివారమో వెళ్లండి. సంత ఆ రెండు రోజులే. నేను మొదటిసారి సోమవారం వెళ్లి ఖాళీ చౌక్ చూసి వచ్చాను.

ఈ సంత 1141లో పక్కనున్న న్యూపోర్ట్ నుంచి ఇక్కడికి మారింది. అప్పట్లో ఊరి పేరు చిప్పింగ్ వాల్డెన్, చిప్పింగ్ అంటే సంతే. 16, 17 శతాబ్దాల్లో చుట్టుపక్కల పొలాల్లో కుంకుమపువ్వు వేసి, మందులకీ బట్టల అద్దకానికీ అమ్మి బాగా గడించారు. సాఫ్రన్ అంటే కుంకుమపువ్వే, దాంతో ఊరి పేరే సాఫ్రన్ వాల్డెన్‌గా మారిపోయింది. ఒక్కో పువ్వులో మూడే ఎర్రటి పోగులుంటాయి, కిలో కావాలంటే లక్షకు పైగా పువ్వులు చేత్తో ఒలవాలి, ఆ చాకిరీ తలుచుకుంటే ధర ఎందుకంతో తెలుస్తుంది. తర్వాత ఆ సాగు పోయింది. నేను సంతంతా తిరిగి చీజూ బ్రెడ్డూ కొనుక్కొచ్చానే తప్ప పువ్వు కనబడలేదు. అమ్మకి ఫోన్లో చెబితే "కుంకుమపువ్వు ఊరెళ్లి ఉత్త చేతులతో వచ్చావా" అని ఒకటే నవ్వు. ఊరి చిహ్నంలో మాత్రం కోటగోడ మధ్య మూడు పువ్వులు ఇప్పటికీ ఉన్నాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది కామన్ అనే మైదానంలో ఉన్న గడ్డి మేజ్, అంటే చుట్టూ తిప్పే చిక్కుదారి. పొదలూ గోడలూ ఏమీ ఉండవు, పచ్చిక మధ్య సన్నటి ఇటుకల దారి చుట్టలు చుట్టలుగా తిరుగుతుంది. దారి ఒక్కటే కాబట్టి తప్పిపోయే టెన్షన్ లేదు, కానీ మొత్తం సుమారు మైలు పొడవు! 1699 నాటి లెక్కల్లోనే దీని ప్రస్తావన ఉంది. ఎదురుగా మధ్య దిబ్బ కనిపిస్తూనే ఉంటుంది, దగ్గరికొచ్చామనుకునేసరికి దారి మళ్లీ బయటి అంచుకి లాక్కెళ్తుంది. పిల్లలు పరుగెత్తి పూర్తిచేశారు, నాకు సగంలోనే కళ్లు తిరిగాయి.

చర్చి స్ట్రీట్‌లో సన్ ఇన్ అనే పాత సత్రం గోడల ముందు కాసేపు ఆగండి, సున్నపు గచ్చు మీద బొమ్మలు చెక్కి 1676 అని వేశారు. సెయింట్ మేరీస్ చర్చి శిఖరం 193 అడుగులు, దూరం నుంచే కనిపిస్తుంది.

రైలు లండన్‌లోని లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ నుంచి గంట. ఊళ్లో స్టేషన్ 1964లోనే మూసేశారు, ఆడ్లీ ఎండ్‌లో దిగాలి, అక్కడి నుంచి మూడు కిలోమీటర్లపైనే. బస్సు సంగతి చూసుకోకుండా నేను వానలో నడిచాను, మీరు చూసుకుని వెళ్లండి. ఆ దారిలోనే ఆడ్లీ ఎండ్ మహల్ ఉంది, న్యూమార్కెట్ గుర్రప్పందేలకు దగ్గరని రెండో చార్లెస్ రాజు కొనుక్కున్నది. దానికే సగం రోజు పడుతుంది, కాబట్టి ముందు సంత చూసేసి మధ్యాహ్నం అక్కడికి వెళ్లండి.