నాయనకు ఉద్యోగమని చెప్పి జర్మనీ వచ్చాను

నీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. అనంతపురంలో బీకాం చేసి, 23 ఏళ్ల వయసులో లైప్‌జిగ్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఏడాది స్వచ్ఛంద సేవకు వెళ్లావు, మూడు నెలలయింది. ఇంట్లో మాత్రం ఉద్యోగమన్నావు, నాయన ఆ మాట ఊరంతా చెప్పుకున్నాడు, ఇప్పుడు డబ్బులెప్పుడు పంపుతావని అడుగుతున్నారు. అక్కడ చూస్తే పలకరించే మనిషి లేడు, సాయంత్రం నాలుగింటికే చీకటి. వచ్చేయమంటారా అని నీ ప్రశ్న.

నిన్ను ఎక్కువ తినేస్తున్నది ఒంటరితనం కాదు, ఆ అబద్ధం. ఫోన్ చేయాలంటే భయం, చేయకపోతే దిగులు. బాధ చెప్పుకోవాల్సిన మనుషుల దగ్గరే నాటకం ఆడుతుంటే ఏ ఊళ్లో ఉన్నా ఒంటరిగానే ఉంటుంది. నువ్వు చేస్తున్న ఎఫ్‌ఎస్‌జేలో, అంటే ఆ ఏడాది స్వచ్ఛంద సేవలో, వచ్చేది జీతం కాదు, చేతిఖర్చు. అందులోంచి ఇంటికి పంపాలని కడుపు మాడ్చుకోవద్దు.

ముసలోళ్లకు అన్నం తినిపించడానికా బీకాం చదివించింది అని నాయన అంటాడని నీ భయం. అనొచ్చు. కానీ మన జిల్లా మనిషికి ఈ సంగతి అర్థం కాదంటే నేను నమ్మను. మహారాష్ట్ర నుంచి వెళ్లగొడితే స్పెయిన్ మిషనరీ ఫాదర్ ఫెర్రర్ 1969లో ఈ కరువు సీమకొచ్చి, 2009లో పోయేదాకా ఇక్కడే ఉండిపోయారు. ఆయన పెట్టిన ఆర్‌డీటీ అనే సేవాసంస్థకు స్పెయిన్ నుంచి నీ ఈడు పిల్లలు వచ్చి, బత్తలపల్లి ఆసుపత్రిలోనో పల్లెల్లోనో పనిచేసి పోవడం మనం చూసిందే. వాళ్లను చూసి ఎంత మంచి పిల్లలో అనుకున్నాం, మన పిల్ల అదే పనికి అటు పోతే మాత్రం నామోషీ! నాయనతో ఈ మాటే అను. "తప్పయింది" అని మొదలుపెట్టకు, నువ్వు రోజూ అన్నం పెట్టే ముసలమ్మ గురించి మొదలుపెట్టు, డబ్బు సంగతి తర్వాత. రెండు రోజులు మాట్లాడడేమో, మాట్లాడకపోనీ.

ఇక ఒంటరితనం. ఏడాదికి 25 రోజులు సెమినార్లు ఉంటాయి కదా, అక్కడికి నీలాంటి పిల్లలే వస్తారు, వెనక కుర్చీలో కూర్చోకుండా ఇద్దరి నంబర్లయినా తీసుకో. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, గదిలోనే ఉంటే గోడలు మీద పడతాయి, కాబట్టి శనివారమే సరుకులు తెచ్చుకుని ఆదివారం ఎవరినన్నా భోజనానికి పిలువు. చెనిక్కాయల పొడి, అన్నం, నెయ్యి చాలు. భాష రాదని సిగ్గుపడుతున్నావు, కానీ అక్కడి ముసలోళ్లది ఆ ప్రాంతపు సాక్సన్ యాస, మన సీమ యాసను సినిమాల్లో ఆడుకున్నట్టే దాన్ని మిగతా జర్మన్లు ఆడుకుంటారు. వాళ్లకు వినే మనిషి కావాలి, నీకు మాట్లాడే మనిషి కావాలి, ఇంతకంటే మంచి ట్యూషన్ దొరకదు.

వచ్చేయడం నేరమేం కాదు, కానీ ఆ నిర్ణయం చలికాలపు రాత్రి తీసుకోవద్దు. మార్చి చివర్లో గడియారాలు ముందుకు తిప్పుతారు, పగలు సాగుతుంది, అప్పటికీ ఇలాగే ఉంటే టికెట్ చూడు. పని గంటలు మించి చేయిస్తున్నారన్నా, సెలవు ఇవ్వట్లేదన్నా అది వేరే సంగతి, నిన్ను అక్కడ పెట్టిన సంస్థకు రాతపూర్వకంగా చెప్పు. చెప్పకుండా మానేస్తే మాత్రం వీసా చిక్కవుతుంది, అది ఈ సేవకే ఇచ్చింది. రెండు వారాలుగా నిద్ర, తిండి లేకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లు, ఆరోగ్య బీమా ఉంది కదా.

ఏడాది అయ్యాక ఉద్యోగం దానంతటదే వస్తుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారన్నావు. రాదు. అక్కడే మూడేళ్ల నర్సింగ్ శిక్షణకు దరఖాస్తు చేసుకోవచ్చు, అందులో నెలనెలా స్టైపెండ్ ఉంటుంది, కానీ జర్మన్ భాష కనీసం బీ1 స్థాయి, చాలాచోట్ల దాని పైదైన బీ2 స్థాయి అడుగుతారు. నాయన "తర్వాతేం చేస్తావు" అంటే ఇది చెప్పు.

ఈ ఆదివారమే ఫోన్ చేయి. నీకు మధ్యాహ్నం పన్నెండంటే ఇక్కడ నాలుగున్నర, నాయన టీ తాగుతూ ఉంటాడు.