అది తుప్పు తెగులు కాదు: నల్లమల గూడెంలో కాఫీ మొక్కలు

ప్రశ్న: మాది పూర్వపు కర్నూలు జిల్లాలో, ఆత్మకూరు వైపు నల్లమల అంచున ఉన్న చెంచు గూడెం. పదిహేను కుటుంబాలం సంఘంగా ఏర్పడి, అటవీ హక్కుల పట్టా భూముల్లో రసాయన మందులు లేకుండా సేద్యం చేస్తున్నాము. పాడేరు వైపు గిరిజన రైతుల కాఫీ తోటలు చూసి వచ్చి, నిరుడు జులైలో 600 అరబికా మొక్కలు నాటాము. బోరు నీళ్లు పోస్తున్నాము, మొదళ్లలో కట్టెల బూడిద వేశాము. ఈ ఏప్రిల్‌లో లేత ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. ముదురు ఆకుల పైభాగాన, పడమటి ఎండ తగిలే కొమ్మల మీదే, గోధుమ రంగు మచ్చలు పడి అంచులు మాడుతున్నాయి. మందుల అంగడిలో చూపిస్తే తుప్పు తెగులు అని చెప్పి, హెక్సాకొనజోల్‌తో పాటు సేంద్రియ టానిక్ అంటూ పేరు లేని సీసా ఒకటి ఇచ్చారు. మాలో నలుగురం రెండుసార్లు కొట్టాము, తగ్గలేదు. ఇంకేం మందు కొట్టాలి? వచ్చే వానలకు మరో మూడు ఎకరాల్లో నాటవచ్చా?

జవాబు: ఇంకే మందూ కొట్టవద్దు. మీరు పంపిన ఆకులను వెనక్కి తిప్పి భూతద్దం కింద పరిశీలించాము. తుప్పు తెగులు సోకితే ఆకు అడుగుభాగాన నారింజ రంగు పొడి ఉంటుంది, బొటనవేలితో రుద్దితే చేతికి అంటుతుంది. ఒక్క ఆకులోనూ అది లేదు. మచ్చలు ఆకు పైభాగాన, అదీ పడమటి ఎండ తగిలే కొమ్మల మీదే ఉన్నాయని మీ ఉత్తరంలోనే రాశారు. అది ఎండదెబ్బ. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కడం ఇనుము లోపం. మన కడప, అనంతపురం చీనీ (బత్తాయి) తోటల్లో సున్నపు నేలల మీద ఏటా కనిపించే లక్షణమే ఇది. మీ బోరు నీటిలో సున్నం ఎక్కువ ఉండవచ్చునని అనుమానిస్తున్నాము. దానికి తోడు క్షార గుణం గల బూడిదను మొదట్లో వేయడంతో వేరు ఇనుమును తీసుకోలేకపోతోంది. బూడిద వేయడం ఈరోజే ఆపండి.

ముందుగా నీడ కల్పించండి. ప్రతి మొక్కకు పడమర, దక్షిణం వైపుల ఈత మట్టలు గానీ, వెదురు తడకలు గానీ నిలబెట్టండి, లేదా 50 శాతం నీడ ఇచ్చే వల పందిరి వేయండి. తొలకరి పడగానే వరుసల మధ్య అవిసె చెట్టు గింజలు, కంది విత్తండి. మొదలుకు నాలుగు వేళ్ల దూరం వదిలి, చుట్టూ 10 సెంటీమీటర్ల మందాన ఎండుటాకు పరచండి. ఈ నెలల్లో అడవికి నిప్పు అంటుకునే ప్రమాదం ఎక్కువ కాబట్టి తోట చుట్టూ మూడు మీటర్ల మేర ఆకు ఊడ్చి శుభ్రంగా ఉంచండి. వారానికి రెండుసార్లు, పొద్దువాలాక, మొక్కకు 5 లీటర్ల చొప్పున నీరు పోయండి. ఇనుము కోసం లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి, అప్పటికప్పుడే, వారం వ్యవధితో రెండుసార్లు సాయంత్రం పూట లేత ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. సేంద్రియ సాగులో ఇలాంటి సూక్ష్మధాతు లవణాలను లోపం నిర్ధారణ అయ్యాకే అనుమతిస్తారు కనుక, మీ సంఘానికి సేంద్రియ ధ్రువపత్రం ఇచ్చే ధ్రువీకరణ సంస్థకు ముందే రాసి అంగీకారం తీసుకోండి. మాడిన ఆకులు మళ్లీ పచ్చబడవు. కొత్త చిగురు పచ్చగా వస్తే వైద్యం పనిచేసినట్లే.

ఇక మాకు అసలు ఆందోళన కలిగించినది ఆ రెండు పిచికారీలు. హెక్సాకొనజోల్ పూర్తిగా రసాయన శిలీంధ్రనాశిని, సేంద్రియ సాగులో దానికి చోటు లేదు. పేరు లేని సీసాలో ఏముందో అమ్మినవారికైనా తెలుసో లేదో. పురుగుమందైతే 1968 నాటి చట్టం ప్రకారం దాని మీద నమోదు సంఖ్య, విషతీవ్రతను తెలిపే రంగు గుర్తు ఉండాలి. మొక్కల టానిక్‌లుగా అమ్మే బయోస్టిమ్యులెంట్లు కూడా 2021 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. వేపనూనె, జీవ మందు అని పేరు చెప్పి రసాయనం కలిపిన సరుకు అమ్మడం మనకు కొత్త కాదు. ఆకు వెనక్కి తిప్పి చూడకుండా సీసా చేతికిచ్చేవారిని మొక్కల వైద్యులుగా నమ్మి ఎన్ని సంఘాలు నష్టపోవాలి? బిల్లు, లేబులు, బ్యాచ్ నంబరు లేని ఏ సీసానూ గూడెంలోకి రానివ్వకండి.

బహువార్షిక పంటలకు సేంద్రియ ధ్రువీకరణ రావాలంటే తొలి కోతకు ముందు నిషిద్ధ మందులు వాడకుండా కనీసం 36 నెలల మార్పిడి కాలం గడవాలి. నిషిద్ధ మందు పడిన మడికి ఆ లెక్క మళ్లీ మొదటి నుంచి రావచ్చు. సంఘంగా ధ్రువీకరణ తీసుకున్నప్పుడు ఒక్కరి పొలంలోని అవశేషం మిగతా అందరి సరుకును అనుమానంలో పడేస్తుంది. అందుకని ఆ నలుగురు ఏ తేదీన, ఏ మడిలో, ఎంత కొట్టారో సంఘం పుస్తకంలో రాసి, సంఘం తరఫున పొలాలు తనిఖీ చేసే మీ అంతర్గత తనిఖీదారుతో సంతకం చేయించి, ధ్రువీకరణ సంస్థకు మీరే తెలియజేయండి. మిగతా పదకొండు కుటుంబాల సరుకును వేరుగా ఉంచండి. ఆ నలుగురిని తప్పుపట్టి వెలివేయవద్దు. వారు మొక్కను కాపాడుకోవాలనే కొట్టారు. దాచిపెడితే మాత్రం రేపు ప్రయోగశాల పరీక్షలో బయటపడి, పదిహేను కుటుంబాల కష్టం వృథా అవుతుంది.

మూడు ఎకరాల సంగతి: నాటవద్దు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు లోయ అరబికా, సముద్రమట్టానికి ఇంచుమించు 900 మీటర్లు, ఆ పైన ఎత్తున, చల్లని గాలిలో, పెద్ద చెట్ల నీడన, కాస్త ఆమ్ల గుణం గల ఎర్ర నేలల్లో పెరుగుతుంది. మీ గూడెం అంత ఎత్తున లేదు. కర్నూలు ప్రాంతపు సగటు వాన 700 మిల్లీమీటర్లకు లోపే. వేసవి ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు. అక్కడి రైతుల శ్రమను, సంఘ నిర్వహణను చూసి నేర్చుకోవడం మంచిదే. కానీ వారి కొండ వాతావరణాన్ని బస్సులో వెంట తెచ్చుకోలేము. బతికిన మొక్కలను వాగు దగ్గరి నీడ పల్లంలో పరిశీలనకు ఉంచుకోండి, అప్పు చేసి విస్తరించకండి. 2025లో అరకు ప్రాంతంలో కాఫీ కాయతొలుచు పురుగు కనిపించింది కాబట్టి అక్కడి నుంచి కాయలు, గింజలు, వాడిన గోనెసంచులు తేకండి.

ఆ మూడు ఎకరాలకు మట్టి పరీక్ష లేకుండా ఏ మొక్కా సిఫారసు చేయలేము. కాఫీకి ముందే ఈ పరీక్ష జరిగి ఉంటే 600 మొక్కల ఖర్చు మిగిలేది. ఎకరాకు ఒక చోట మూడడుగుల గుంత తీసి, మొదటి, రెండో, మూడో అడుగు మట్టిని కలపకుండా అరకిలో చొప్పున వేర్వేరు గుడ్డ సంచుల్లో నింపండి. బూడిద వేసిన చోట, పశువులు కట్టేసిన చోట తీయవద్దు. బోరును పది నిమిషాలు వదిలాక లీటరు నీటిని శుభ్రమైన సీసాలో పట్టండి. ప్రతి సంచిలో రైతు పేరు, లోతు, తేదీ రాసిన చీటీ ఉంచి, మే నెలాఖరులోగా నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి చేర్చి, సున్నం శాతం కూడా చూడమని అడగండి. నేల అనుకూలిస్తే మీ అడవిలో తనంతట తానే కాసే సీతాఫలాన్ని 5 మీటర్ల ఎడంతో, ఎకరాకు 160 మొక్కల చొప్పున జులైలో నాటుకోవచ్చు. గుంతలు మాత్రం ఫలితాలు చేతికి వచ్చాకే తవ్వండి.