మొదటిసారి అందరూ వస్తారు, రెండోసారి వచ్చేదెవరు?

మీరు ఇల్లు మారారు. ఆన్‌లైన్ రివ్యూల్లో స్టార్లు చూసి ఒక ప్లంబర్‌నీ ఒక ఎలక్ట్రీషియన్‌నీ పిలిచారు. ఇద్దరి దగ్గరా డబ్బు పోయింది, బాత్రూమ్ పక్క గోడ మాత్రం ఇంకా తడిగానే ఉంది. నమ్మకమైన పనివాళ్ళని మిగతావాళ్ళు ఎలా పట్టుకుంటున్నారని మీ ప్రశ్న. పన్నెండేళ్ళలో నాలుగు ఇళ్ళు మారినదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. నేనూ మీలాగే దెబ్బలు తిని నేర్చుకున్నాను.

ఒకరి గురించి వాకబు చేసేటప్పుడు "బాగా చేస్తాడా?" అని అడగడం ఎప్పుడో మానేశాను. దానికి అందరూ "ఆ, బాగానే చేస్తాడు" అనే అంటారు. ఆ మాట వల్ల ఏమీ తెలీదు. ఇప్పుడు నేను అడిగేది వేరు: "ఆయన చేసిన పని ఎప్పుడైనా చెడిందా? చెడితే పిలిచారా? పిలిస్తే వచ్చాడా?" మొదటిసారి ఎవరైనా వస్తారు, డబ్బు వస్తుంది కాబట్టి. రెండోసారి వస్తే రూపాయి రాదు, పైగా తప్పు ఒప్పుకోవాలి. ఆ రెండోసారి వచ్చినవాడి నంబరే నేను దాచుకుంటాను.

ఏసీ సంగతి చెప్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మా ఇంట్లో వరసగా మూడు వేసవులు ఒకే మెకానిక్ వచ్చి గ్యాస్ నింపి వెళ్ళాడు. "గ్యాస్ అయిపోయింది మేడమ్, ప్రతి ఏడాదీ మామూలే" అనేవాడు. నేను నమ్మాను. బండికి పెట్రోల్ ఎలాగో ఏసీకి గ్యాస్ అలాగే కాబోలు అనుకున్నాను. కానీ ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాస్ మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది, అంతే. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. కారే చోటు వెతక్కుండా నింపడమంటే చిల్లు కుండలో నీళ్ళు పొయ్యడమే.

నాలుగో ఏడు ఆ మనిషి ఫోన్ ఎత్తకపోతే వేరే ఆయన వచ్చాడు. సంచిలోంచి గ్యాస్ ప్రెషర్ చూసే గేజ్ తియ్యకముందే ఫిల్టర్ ఊడదీసి వెలుతురుకి పట్టి నాకు చూపించాడు. దుమ్ముతో అవతల ఏమీ కనిపించడం లేదు. "చల్లదనం తగ్గడానికి ఇదొక్కటే చాలు, అయినా గ్యాస్ కూడా చూస్తాను" అన్నాడు. తర్వాత బయటి యూనిట్ దగ్గర కూర్చుని, సబ్బు నీళ్ళ నురగని బ్రష్‌తో పైపు కలిసే నట్టు చుట్టూ పూశాడు. "ఇటు రండి మేడమ్" అని పిలిచాడు. నట్టు కింది వైపున ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి పొంగుతున్నాయి. మూడేళ్ళ నా డబ్బు ఆ బుడగల్లో పోయింది! పైపు కొస కోసేసి కొత్తగా ఫ్లేర్ చేశాడు, అంటే నట్టులో సరిగ్గా బిగిసేలా కొసని గరాటులా విప్పాడు, నైట్రోజన్ నింపి ప్రెషర్ నిలబడుతుందో లేదో చూశాడు, పంపుతో వ్యాక్యూమ్ చేసి లోపలి గాలి, తేమ లాగేశాడు. ఆ తర్వాత చిన్న త్రాసు మీద సిలిండర్ పెట్టి, యూనిట్ ప్లేటు మీద ఎన్ని గ్రాములని రాసుందో అంతే ఎక్కించాడు. అప్పటిదాకా మా ఇంటికి వచ్చినవాళ్ళెవరూ ఆ ప్లేటు వైపు చూసిన పాపాన పోలేదు.

ఇంత చేసినా ఆరు వారాల్లో చల్లదనం మళ్ళీ తగ్గింది. అసలు చెప్పాలనుకున్నది ఇక్కడినుంచే. ఫోన్ చేశాను, మూడో రోజు వచ్చాడు. ఈసారి లోపలి యూనిట్ వెనక జాయింట్ దగ్గర సన్నగా కారుతున్నట్టు కనిపెట్టాడు. "తప్పు నాదే మేడమ్. నైట్రోజన్ అరగంటే ఉంచాను, ఇంకా చాలాసేపు ఉంచాల్సింది" అన్నాడు. ఆ రోజు జాయింట్ సరిచేసి, నైట్రోజన్ నింపి రాత్రంతా అలాగే వదిలేసి, పొద్దున్నే వచ్చి గేజ్ ముల్లు కదల్లేదని చూపించాకే గ్యాస్ ఎక్కించాడు. కూలీ తీసుకోలేదు. అది జరిగి ఐదేళ్ళయింది. ఆయన నంబర్ ఇప్పటికి పదిమందికి పైగా ఇచ్చాను. ఒకవేళ ఆయన పని మొదటిసారే నిలబడి ఉంటే నేనిన్ని చోట్ల చెప్పేదాన్ని కాదేమో. మంచి మెకానిక్ అని ఊరుకునేదాన్ని.

ఇక స్టార్ల సంగతి. రివ్యూ రాసేది ఎక్కువగా పని అయిన రోజు సాయంత్రమే. అప్పుడు తెలిసేవి ఏమిటి? టైముకి వచ్చాడా, మర్యాదగా మాట్లాడాడా, ఊడ్చి వెళ్ళాడా. వాటర్‌ప్రూఫింగ్ నిలిచిందో లేదో వానాకాలం దాటితే గానీ తెలీదు. కొన్ని పనులైతే ఎన్నాళ్ళయినా తెలీవు. ఆ పార్టు నిజంగా పోయిందా, మార్చాల్సిన అవసరం నిజంగా ఉందా అన్నది మనం ఏనాటికీ తేల్చుకోలేం. డార్బీ, కార్ని అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1973లోనే ఇలాంటి సేవల గురించి రాశారు: కొనకముందే కాదు, కొని వాడాక కూడా నాణ్యత తెలుసుకోలేని సరుకు ఇది, పూర్తిగా నమ్మకం మీదే నడుస్తుంది అని. మనకి రోగమేమిటో చెప్పేవాడూ మందు అమ్మేవాడూ ఒకడే అయినప్పుడు వచ్చే చిక్కే ఇది. అందుకే రివ్యూలు చదివితే నేను పాతవి చదువుతాను, "ఏడాది అయింది" అని మొదలయ్యేవి దొరుకుతాయేమోనని. ఒకే వారంలో గుంపుగా వచ్చిన ఐదు స్టార్లని లెక్కలోకే తీసుకోను.

స్టార్ల కన్నా నాకు ఎక్కువ పనికొచ్చింది ఇంకొకటి ఉంది. ఒక పనివాడి లోపం ఇంటివాళ్ళ కంటే ముందు ఆ తర్వాత వచ్చే పనివాడికి తెలుస్తుంది. గోడ నిలువుగా ఉందో లేదో కార్పెంటర్‌కి తెలుస్తుంది, ఎందుకంటే అలమార తలుపు బిగించాల్సింది ఆయన. ప్లాస్టరింగ్ మేస్త్రి ఎంత బాగా చేశాడో పెయింటర్‌కి తెలుస్తుంది. బాత్రూమ్ నేల వాలు సరిగ్గా పెట్టారో లేదో ప్లంబర్‌ని అడగాలి. కాబట్టి ఒక్క మంచి పనివాడు దొరికితే చాలు, ఆయన వెళ్ళేముందు "మీ ముందు పని చేసినవాళ్ళలో ఎవరి తర్వాత వస్తే మీకు పని తేలిక?" అని అడగండి. "ఎవరు మంచివాళ్ళు?" అంటే తమ్ముడి పేరో బావమరిది పేరో చెప్తారు. ఇలా అడిగితే కాస్త ఆలోచించి, తన చుట్టం కానివాడి పేరు చెప్తారు. నా అనుభవంలో చాలాసార్లు అలాగే జరిగింది.

మాకు దొరికిన ఆ ఒక్కరు ఒక పెద్దాయన, వడ్రంగి. పడకగదిలో గోడ అలమార చేయిద్దామని పిలిచాం. టేపుతో వెడల్పు పైన ఒకసారి, మధ్యలో ఒకసారి, కింద ఒకసారి కొలిచాడు. మూలలో మూలమట్టం ఆనించి చూశాడు. నేను ఫోన్‌లో దాచుకున్న డిజైన్ల వైపు పెద్దగా చూడలేదు. కింద వంగి, గోడ అడుగున అరచేయి ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు. వేలితో గీరితే సున్నం పొడిలా రాలింది. "అమ్మా, ఈ గోడలో తడి ఉంది. ఇప్పుడు చెక్క పెడితే ఏడాది తిరక్కుండా ఉబ్బుతుంది, అప్పుడు నన్నే తిడతారు. ముందు నీళ్ళ సంగతి చూసుకోండి, నేను తర్వాత వస్తాను" అని టేపు చుట్టేసుకున్నాడు. అడ్వాన్స్ చేతిలో పెట్టబోతే తీసుకోలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు చిరాకేసింది, వచ్చిన మనిషి పని మొదలుపెట్టకుండా పోతున్నాడేమిటా అని. తర్వాత ఆయన చెప్పిన ప్లంబరే ఆ తడి ఎక్కడిదో కనిపెట్టాడు. ఆ అలమార నాలుగు నెలలు ఆలస్యమైంది. తలుపులు ఈరోజుకీ ఒక వేలితో తోస్తే మూసుకుంటాయి.

వద్దని చెప్పగలిగినవాడు అరుదు. అలాగని పని వద్దన్న ప్రతివాడూ నిజాయితీపరుడేం కాదు, కొందరు చిన్న పని అని తప్పించుకుంటారు. తేడా ఎక్కడంటే, నిజమైనవాడు కారణం చేత్తో చూపిస్తాడు.

ఎలక్ట్రీషియన్ల విషయంలో మాత్రం నేను మొహమాటపడను. గీజర్ వేసినప్పుడల్లా ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ పడిపోతోందని పిలిస్తే, ఒకాయన "ఇది చాలా సెన్సిటివ్ మేడమ్, తీసేసి డైరెక్ట్ కలిపేద్దాం, టెన్షన్ ఉండదు" అన్నాడు. అక్కడికక్కడే పంపించేశాను. ఆ స్విచ్ చేసే పని ఒకటే: ఫేజ్‌లో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో అంతే తిరిగి వస్తోందా అని చూడడం. ఇళ్ళలో వాడేవి మామూలుగా 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే పడిపోతాయి. అది పడిందంటే మామూలుగా కరెంటు ఎటో కారుతోందనే అర్థం, రేపు అది మనిషి ఒంట్లోంచి పోవచ్చు. ఎమ్‌సీబీ ఉందిగా అంటారు. ఎమ్‌సీబీ చూసేది ఓవర్‌లోడ్‌నీ షార్ట్ సర్క్యూట్‌నీ, షాక్ కొడుతున్న మనిషిని అది పట్టించుకోదు. రెండో ఆయన వచ్చి గీజర్ తీగలు విడదీసి మీటర్ పెట్టి చూశాడు, లోపల ఎలిమెంట్ పాడైంది. మార్చాడు, అంతే. రక్షణ కోసం పెట్టినదాన్ని తీసేద్దామన్నవాడు ఎంత చవగ్గా చేసినా, ఎంత తియ్యగా మాట్లాడినా మళ్ళీ పిలవకండి.

బండి మెకానిక్ అయితే ఒక్క మాట చాలు: "తీసిన పాత పార్టు నాకివ్వండి." మార్చకుండా మార్చానని బిల్లు వేసే అలవాటున్నవాడి మొహం ఆ మాటకి మారిపోతుంది. పని మొదలుపెట్టకముందే చెప్పాలి, అయ్యాక అడిగితే చెత్తలో పడేశానంటాడు. టైలర్ అయితే, ఆయన ఇదివరకు కుట్టిన బట్ట ఒకటి తీసుకుని లోపల కుట్ల పక్కన వెడల్పు చెయ్యడానికి గుడ్డ వదిలాడా లేదా చూడండి.

డబ్బు దగ్గర నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒక ఇంట్లో బాత్రూమ్ టైల్స్ సందులు పూడ్చడానికి వచ్చిన మనిషి మాటలు కోటలు దాటాయి. సామాను కొనాలని మొత్తం ముందే అడిగాడు, ఇచ్చేశాను. సగం పని చేసి, ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టు, ఫోన్ ఎత్తడం మానేశాడు. అప్పటినుంచి పనిని మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టు పూర్తయ్యాక ఇస్తున్నాను. చివరి భాగం పరీక్ష అయ్యేదాకా నా దగ్గరే. బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్‌కి ఆ పరీక్ష ఏమిటంటే, డ్రెయిన్ మూసి నేల మీద నీళ్ళు నిలబెట్టి కనీసం 24 గంటలు వదిలి, కింద, పక్కన తడి వచ్చిందేమో చూడడం. ఇది ముందే ఒప్పందంలో చెప్తే మంచి మేస్త్రి ఏమీ అనుకోడు. కానీ పరీక్ష అయిపోగానే మిగతా డబ్బు ఆ రోజే ఇచ్చెయ్యాలి. నెలలు తిప్పించుకునే ఇంటికి రెండోసారి ఎవరొస్తారు? వాళ్ళు కూడా మన గురించి ఒకరితో ఒకరు చెప్పుకుంటారు.

ఇంకొకరికి మీరు నంబర్ ఇచ్చేటప్పుడు కూడా జాగ్రత్త. నేనోసారి స్నేహితురాలికి ఒక పెయింటర్ పేరు "కళ్ళు మూసుకుని ఇచ్చెయ్యి" అని చెప్పాను. మా ఇంట్లో ఆయనే స్వయంగా వేశాడు. స్నేహితురాలి ఇంటికి మాత్రం ఇద్దరు కుర్రాళ్ళని పంపాడు. పాత పెయింట్ సరిగ్గా గీకకుండా మీద కొట్టేశారు, మూడు నెలల్లో పెచ్చులు లేచాయి. తను నాతో కొన్నాళ్ళు సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు ఎవరికి చెప్పినా ఇలా చెప్తాను: ఏ పని చేశాడు, ఎన్నాళ్ళయింది, తనే చేశాడా మనుషుల్ని పెట్టాడా, ఏ విషయంలో ఇబ్బంది పెట్టాడు. మా వడ్రంగి పెద్దాయన గురించి చెప్తే, చెప్పిన తేదీకి ఎప్పుడూ రాడని కూడా చెప్తాను. అది తెలిసి పిలిచినవాళ్ళెవరూ ఇంతవరకు నన్ను తిట్టలేదు.

ఇక మీ గోడ. ఎవరినీ పిలవకముందు ఈ రాత్రి ఒక పని చెయ్యండి. ఇంట్లో ట్యాపులన్నీ మూసి, వాషింగ్ మెషిన్, ఫిల్టర్ లాంటివి ఆపి, ఫ్లష్ ట్యాంకు నిండనిచ్చి, నీటి మీటర్ ఫొటో తియ్యండి. మీటర్ లేకపోతే, మోటార్ ఆపి, పై ట్యాంకులో నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో గుర్తు పెట్టుకోండి. పొద్దున్న ఎవరూ ట్యాపు తిప్పకముందే మళ్ళీ చూడండి. మీటర్ కదిలితే, లేదా ట్యాంకులో నీళ్ళు తగ్గితే, ఎప్పుడూ ప్రెషర్‌లో ఉండే సప్లై పైపు కారుతోందని అనుమానించవచ్చు. కదలకపోతే, స్నానం చేసిన రోజుల్లోనే తడి పెరుగుతుంటే, డ్రెయిన్ పైపు గానీ నేల జాయింట్లు గానీ కారుతుండాలి. మొదటిది అయితే పని ప్లంబర్‌ది. రెండోది అయితే టైల్స్ మేస్త్రి కూడా కావాల్సి రావచ్చు. ఈ సంగతి విన్నాక కూడా ఎక్కడ కారుతోందో తేల్చకుండా సుత్తి తీసి గోడ మీద మొదటి దెబ్బ వెయ్యబోయేవాడిని అక్కడే ఆపండి. మీటర్ కదిలిందో లేదో రేపు చెప్పండి, ముందు ఎవరిని పిలవాలో అప్పుడు చూద్దాం.