వీఎంఏ21 మీద పని మొదలుపెడుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి, మామయ్య ఆశీస్సులతో రాయునది.

నీ పరిశోధనకు ఈస్ట్‌లోని వీఎంఏ21 ప్రోటీన్‌ను తీసుకున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. ఇది 77 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. రిక్తికలోకి (కణంలోని ఆమ్ల సంచి, వాక్యుయోల్) ప్రోటాన్లను తోడే పంపు, అంటే వి-ఏటీపీయేజ్, ఇది లేనిదే కుదరదు. అయినా ఇది రిక్తికలో కాపురం ఉండదు. ప్రోటీన్లు తయారయ్యే అంతర్జీవద్రవ్య జాలంలో (ఈఆర్) ఉండి, పంపులో పొరకు అంటుకుని ఉండే వి0 భాగాన్ని కూర్చడంలో తోడ్పడి, దాని వెంట ప్రోటీన్లను సర్ది పంపే గాల్జీ దాకా వెళ్లి, తన చివర ఉన్న రెండు లైసీన్ అమైనో ఆమ్లాల గుర్తు వల్ల వెనక్కి వస్తుంది. 1994లో హిల్, స్టీవెన్స్ ఆ లైసీన్లను మార్చి చూస్తే ప్రోటీన్ రిక్తికకు పోయింది, పంపు కూర్పు దెబ్బతింది. అందుచేత మెరిసే ప్రోటీన్‌ను తగిలించాలనుకుంటే ఆ చివర మాత్రం ముట్టుకోకు.

వీఎంఏ21 జన్యువు తీసేసిన కణాలను పీహెచ్ 5 నుంచి 5.5 మధ్య ఉన్న మీడియాలోనే (పోషక మాధ్యమంలోనే) పెంచు. అవి పీహెచ్ 7.5 దగ్గర, ముఖ్యంగా కాల్షియం ఎక్కువగా ఉంటే, పెరగవు. అదే నీ ప్రధాన పరీక్ష. అయితే ఆ ప్లేట్లలో పీహెచ్ మారకుండా పట్టి ఉంచే బఫర్ తప్పనిసరి, ఎందుకంటే ఈస్ట్ పెరుగుతూ తన చుట్టూ ఉన్న మీడియాను తానే ఆమ్లంగా మార్చుకుంటుంది. కాల్షియం కలిపే ప్లేట్లకు ఫాస్ఫేట్ బఫర్ వాడకు, తెల్లగా గడ్డకట్టి అడుగుకు దిగుతుంది.

నేను ఎక్కువగా నష్టపోయింది క్వినాక్రిన్ రంగు దగ్గర. ఆ రంగు ఆమ్ల రిక్తికలోనే పోగవుతుంది కనుక, మైక్రోస్కోపు కింద మామూలు కణంలో గుండ్రటి పచ్చని వెలుగు కనిపించాలి. నేను కణాలను ఉత్త నీళ్లతో కడిగి చూసేవాణ్ణి. మామూలు కణాలు కూడా మసకగానే కనిపించేవి. రెండు వారాలు రంగు చెడిపోయిందనుకున్నాను. గ్లూకోజ్ అందకపోతే నిమిషాల్లోనే పంపులో పొరకు బయట ఉండి ఏటీపీని వాడే వి1 భాగం వి0 నుంచి విడిపోతుందని అప్పటికి నాకు తట్టలేదు. కాబట్టి చివరి కడుగు దాకా 2 శాతం గ్లూకోజ్ ఉండనివ్వు, గొట్టాన్ని ఐసులో ఉంచు, పక్కన మామూలు కణాలు లేకుండా ఒక్క స్లైడు కూడా చూడకు.

మరొక చిక్కు. అడెనిన్ తయారీకి కావలసిన ఏడీఈ2 జన్యువు లేని ఈస్ట్ కాలనీలు ఎర్రబడతాయి. రిక్తిక ఆమ్లీకరణ లేకపోతే తెల్లగానే మిగులుతాయి. కానీ మైటోకాండ్రియా దెబ్బతిన్న ‘పెటీట్’ కణాలూ తెల్లగానే ఉంటాయి. పెటీట్లు గ్లిజరాల్ మీద పెరగవు కనుక దాని మీద పెంచి తేల్చుకుందామంటే, నీ మ్యుటెంట్లు అక్కడా సరిగా పెరగవు. అందువల్ల వీఎంఏ21 జన్యువును ప్లాస్మిడ్ (జన్యువును మోసుకెళ్లే చిన్న డీఎన్‌ఏ వలయం) మీద తిరిగి ఇచ్చి చూడు. కాలనీలకు ఎరుపు తిరిగి వచ్చి, పీహెచ్ 7.5 మీద కూడా పెరిగితే, ఆ రెండు ప్లేట్ల ఫోటోలు ముందు నాకే పంపాలి.

ప్రేమతో,
మామయ్య